శోకదినమును శిక్షాస్మృతియు

1971వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన వైద్యవిధాన గర్భవిచ్ఛిత్తి శాసనము మన దేశమున ఆమోదము పొందినది. దానికి ఏబది ఏండ్లు నిండిన 2021 ఆగస్టు 10వ తేదీని శోకదినముగా పాటింపవలసినదని భారత కతోలిక పీఠాధిపతులు తమ విశ్వాసులకు పిలుపునిచ్చిరి. మఱుసటి ఏడు అదే తేదీన ఢిల్లీలో గర్భస్థశిశు రక్షణము పేర ఊరేగింపు నడచినది. దేవాలయమున మోకాళ్లూని చేయు ప్రార్థన వేఱు. రాజధాని వీధిలో నడచు ఊరేగింపు వేఱు. మొదటిది దేవునితో మాటలాడునది, రెండవది పార్లమెంటుతో మాటలాడునది. పార్లమెంటుతో మాటలాడువారికి బదులు చెప్పుటకు ప్రతి పౌరునకును హక్కు గలదు గనుక, మేమును ఆ హక్కును వినియోగించుకొనుచున్నాము.

లక్డీకాపూల్ ప్రాంతపు పఠనాలయములలో ఈ పత్రికను చదువువారికి ఇది దూరపు ప్రశ్న కాదు. ఆ పేరునిచ్చిన కఱ్ఱవంతెన ఏనాడో పోయినది, పేరు మిగిలినది. ఆ కూడలినుండి రెడ్ హిల్స్ వైపు కొంచెము నడచినచో నీలోఫర్ ఆసుపత్రి కానవచ్చును. ఉస్మానీ తురుష్క రాజవంశమున జనించి, ఏడవ నిజాము కోడలై మన నగరమునకు వచ్చిన నీలోఫర్ రాకుమారి, తన పరిచారిక ప్రసవవేదనలో మరణింపగా కలతచెంది, ఇట్టి మరణములు ఇక కలుగరాదని పూనుకొన్న ఫలముగా ఆ ఆసుపత్రి వెలసి 1953లో తలుపులు తెఱచినది. తురుష్క రాకుమారి, పరిచారిక, నేడు జిల్లాలనుండి వచ్చి ఆ మెట్లపై కూర్చుండు లంబాడీ తల్లి, మాదిగ తల్లి, ముస్లిము తల్లి: వీరినందఱిని ఒక్కచోట కలిపినది మతము కాదు, కాన్పుగదిలో పొంచియుండు మృత్యువు. గర్భమును గూర్చిన ఏ సిద్ధాంతమునైనను మేము ఆ మెట్లయొద్ద నిలిచి పరీక్షింపగోరుదుము.

ముందుగా క్రైస్తవుల విశ్వాసమును న్యాయముగా చెప్పవలెను. ఎదిరి వాదమును కుఱుచచేసి గెలుచుట గెలుపు కాదు. మాతృగర్భమున రూపొందకమునుపే దేవుడు తన్నెఱిగియుండెనని యిర్మీయా ప్రవక్త గ్రంథమున గలదు. మరియ పలుకరింపగా ఎలీసబెతు గర్భమునందలి శిశువు ఆనందముతో గంతులు వేసెనని లూకా సువార్త చెప్పుచున్నది. కావున గర్భస్థపిండము దేవుడెఱిగిన ప్రాణియనియు, దానిని చంపుట పాపమనియు క్రైస్తవులు తొలి శతాబ్దములనుండియు నమ్మిరి. రోము సామ్రాజ్యమున పుట్టిన బిడ్డలను సైతము వీధిపాలు చేయుచుండిన కాలమున, అక్కఱలేని ప్రాణమను మాటకే తావులేదని నిలిచిన చిన్న సమాజమది. ఆ ధైర్యమునకు మేము తలవంచుచున్నాము. ఇది పరదేశ మతమనియు, మనకు పట్టని ఊహయనియు కొందఱు హైందవ మిత్రులు చెప్పుమాట శుద్ధ అజ్ఞానము. భ్రూణహత్యను మన స్మృతులును ఘోరపాతకములలోనే లెక్కించినవి. పాపమని తలచుటలో మనకును వారికిని భేదము లేదు. పాపమునకు ఎవరు, ఎచట, ఏ దండనము విధింపవలెననుటలోనే భేదమున్నది.

ఇంతకును ఈ విషయమున క్రైస్తవ ధర్మశాస్త్రము ఆదినుండి నేటివఱకు ఒక్కటే తీరున నిలిచియుండలేదు. నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయమున, జగడములో దెబ్బతగిలి స్త్రీకి గర్భము పోయినచో జుల్మానాయు, ఆమెకు వేఱు హాని కలిగినచో ప్రాణమునకు ప్రాణమును చెల్లింపవలెనని విధి గలదు. హీబ్రూ మూలము గ్రీకులోనికి మాఱినప్పుడు రూపు దాల్చిన పిండము, రూపు దాల్చని పిండము అను విభాగము అందు చొచ్చినది. పునీత అగస్తీను ఆ విభాగమును అంగీకరించెను. పదుమూడవ శతాబ్దిలో తోమా అక్వినాసు, అరిస్టాటిలు ననుసరించి, జీవాత్మ పిండమున మొదటి దినముననే ప్రవేశింపదని బోధించెను. పాపము కాదని వారిలో ఎవ్వరును అనలేదు. నరహత్య ఎప్పటినుండి అగునన్నదే చర్చ. 1588లో ఐదవ సిక్స్తస్ పోపు ఆ భేదమును తుడిచివేసి అన్నింటికిని ఒకే కఠినదండనము విధించెను. మూడేండ్లకే, 1591లో, పదునాలుగవ గ్రెగరీ పోపు దానిని సడలించెను. 1869లో తొమ్మిదవ పయస్ పోపు మరల ఆ భేదమును తొలగించెను. 1965లో రెండవ వాటికను మహాసభయు, 1995లో రెండవ జాన్ పాల్ పోపు విడుదల చేసిన విశ్వలేఖయు నేటి కఠిన నిర్ణయమును స్థిరపఱచినవి. 2016లో ఫ్రాన్సిస్ పోపు, ఈ పాపమును ఒప్పుకొని పశ్చాత్తాపపడు స్త్రీకి క్షమాపణమొసగు అధికారమును గురువులకందఱకును శాశ్వతముగా ఇచ్చెను. పాపసంకీర్తన గదిలో మృదువగుచున్న చేయి న్యాయస్థానమున పిడికిలి ఎందులకు కావలెను?

పాఠకులు ఇచట ఒక విచిత్రమును గమనింపవలెను. రోము నగరము 1869లో విడిచిపెట్టిన ఆ పాత విభాగము నేటికిని మన దేశ శిక్షాస్మృతిలో జీవించియున్నది. ఆంగ్లేయుల న్యాయసంప్రదాయము పిండము కదలుటకు ముందు, కదలిన పిమ్మట అని గర్భకాలమును రెండు పాళ్లు చేసినది. ఆ సంప్రదాయమునకు వెనుక నిలిచినది, పిండమున జీవాత్మ ప్రవేశమును గూర్చిన మధ్యయుగపు క్రైస్తవ పండితుల చర్చయే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షను దానిని అట్లే దింపుకొనినది. గర్భస్రావమునకు మూడేండ్లవఱకు ఖైదు. శిశువు కదలిన పిమ్మటనైనచో ఏడేండ్లవఱకు. తనకు తానే గర్భస్రావము చేసికొన్న స్త్రీయు శిక్షార్హురాలే. మన హైదరాబాదు నిజాము కాలమున వేఱు శిక్షాస్మృతి క్రింద నుండి, 1951లో ఈ స్మృతి క్రిందికి వచ్చినది. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. దాస్యచిహ్నములను తుడిచివేసితిమని చాటింపు వేసిరి. 88వ సెక్షను తెఱచి చూడుడు! మూడేండ్లు, ఏడేండ్లు, కదలిన శిశువు, తల్లికి సైతము శిక్ష: అన్నియు పూర్వమువలెనే యున్నవి. పేరు సంస్కృతము, పదార్థము లండను. 1971 శాసనము ఈ నేరవిధినుండి కొన్ని షరతులపై వైద్యునకు ఇచ్చిన మినహాయింపు మాత్రమే. స్త్రీకి ఇచ్చిన హక్కుపత్రము కాదు. శోకదినము పాటించు పెద్దలు ఆ మినహాయింపునే తొలగింపగోరుచున్నచో, మిగులునది సువార్త కాదు, 1860 నాటి జైలు తలుపు.

జైలు తలుపు ఏమి సాధించినదో తెలుగుదేశపు చరిత్రయే చెప్పును. ఆ విధి పుట్టిన తరువాత ఇరువదేండ్లకుపైగా బాలవితంతువుల గర్భములు చీకటిలో నశించుచునే యుండెను. భ్రూణహత్య, శిశుహత్య అను మాటలను తెలుగు ప్రజల ముఖమున నిలిపి, ఈ పాపము వితంతువుది కాదు, ఆమెకు మఱల పెండ్లి వలదన్న మీదియే అని కందుకూరి వీరేశలింగము పంతులు నిందించెను. పోలీసులను పంపుడని ఆయన కోరలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించెను. గర్భమును చంపుకొను దుస్థితినుండి స్త్రీని తప్పించుటయే ఆయన మార్గము. గర్భస్థ శిశువును కాపాడవలెనని నిజముగా కోరువారికి అంతకంటె మంచి మార్గము మాకు తోచలేదు.

క్రైస్తవ సేవకులలోనే ఆ మార్గమున నడచినవారు గలరు. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కుగ్లరమ్మ పేరు వినగానే ఆ సీమ ముదుసలులు నేటికిని చేతులు జోడింతురు. మగవైద్యుని చేయి తగులుటకంటె చావు మేలని గోషాలోని స్త్రీలు తలచిన కాలమున, లూథరను మిషనువారి ఆ వైద్యురాలు వారి గడప దాటి లోనికి వెళ్లెను. ఆమె కట్టిన కీర్తి తల్లులను బ్రతికించుటచేత వచ్చినది, తల్లులను బోనెక్కించుటచేత కాదు. మిషనరీల మతప్రచారమును గూర్చి జాతీయవాదులకు గల తగాదా పాతది, దానిని ఇచట త్రవ్వనక్కఱలేదు. వారి ప్రసవశాలల ఋణము మాత్రము తీరనిది.

మఱి ఈ నూతనోత్సాహము ఎచటిది? చాలవఱకు అమెరికానుండి వచ్చిన సరకని మా అభిప్రాయము. 1973లో ఆ దేశపు సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించుట, 2022 జూన్ 24న ఆ కోర్టే దానిని తీసివేయుట, నడుమ ఏబదియేండ్లు రెండు రాజకీయ పక్షములు ఆ ఒక్క మాటపై వోట్లు పంచుకొనుట లోకమెఱిగినదే. అచటి ప్రసంగములు తెలుగు మాటలు తొడుగుకొని నేడు మన ఫోనులలోనికి దిగుమతి యగుచున్నవి. వానిని వినువారికి తెలియని సంగతియొకటి గలదు. అమెరికాలో నేడు ఈ పోరాటమునకు ముందు నిలుచు సదరన్ బాప్టిస్టు సమాఖ్య, సరిగా మన శాసనము పుట్టిన 1971లోనే, బలాత్కారము, పిండమునకు తీవ్రవైకల్యము, తల్లి శారీరక మానసిక ఆరోగ్యమునకు హాని మొదలగు సందర్భములలో గర్భస్రావమును అనుమతించు శాసనములకై పాటుపడుడని తన సభ్యులను కోరుచు తీర్మానించినది. బైబిలు మాఱలేదు, అచటి రాజకీయము మాఱినది. (ఒంగోలున క్లౌ దొరగారు 1878లో వేలమందికి బాప్తిస్మమిచ్చిన మిషను ఉత్తరపు శాఖది, ఈ దక్షిణపు సమాఖ్య వేఱు. తెలుగు బాప్టిస్టులు ఈ కలహమున ఎవరికిని వారసులు కారు.) 1947లో ఆంగ్లికను, మెథడిస్టు మొదలగు శాఖలు కలిసి యేర్పడిన దక్షిణ ఇండియా సంఘమువారికిగాని, లూథరనులకుగాని పోపుగారి నిర్ణయము విధి కాదు. కావున క్రైస్తవులందఱి మాటయని ఎవరైనను వేదికనెక్కినచో, ఏ క్రైస్తవులని అడుగుట మర్యాదకు లోపము కాదు.

అయినను కతోలిక వాదమున బలమైన అంశము ఒకటి గలదు, దానిని దాటవేయరాదు. పిండము మనుష్యప్రాణియే యైనచో, దానిని కాపాడుట ఒక మతమువారి ఇష్టానిష్టముల మాట ఎట్లగును, బానిసత్వమును మాన్పినట్లు దీనిని శాసనముచే మాన్పవలదా అని వారడుగుదురు. గట్టి ప్రశ్నయే. అయితే ఆ ప్రశ్న నడుగువారు తల్లిని హంతకురాలిగా విచారింపుమని కోరుచున్నారా? ఢిల్లీ ఊరేగింపువారు స్త్రీకి ఉరిశిక్షనుగాని యావజ్జీవ ఖైదునుగాని కోరిరని మేము వినలేదు. 1860 స్మృతిని వ్రాసిన క్రైస్తవ దొరలు సైతము హత్యను ఒకచోట, గర్భస్రావమును వేఱొకచోట ఉంచిరి. తల్లికి చికిత్స చేయునప్పుడు, కోరకయే పిండము నశించినచో అది పాపము కాదని కతోలిక నీతిశాస్త్రమే ఒప్పుకొనును. భేదమున్నదని అందఱును ఎఱుగుదురు. దానిని శాసనము గుర్తించినప్పుడు మాత్రమే అది అధర్మమని కొందఱందురు.

శాసనము ఆ భేదమును గుర్తింపనిచోట ఏమి జరుగునో చెప్పుటకు బెళగావి ఆడపడుచు సవితా హళప్పనవర్ చాలును. దంతవైద్యురాలైన ఆమె ఐర్లండున గాల్వే నగర ఆసుపత్రిలో పదునేడవ వారపు గర్భముతో చేరెను. గర్భము నిలువదని వైద్యులకు తెలిసెను. తొలగింపుడని ఆమె అడిగెను. పిండపు గుండె ఇంకను కొట్టుకొనుచున్నదని నిరాకరించిరి. ఇది కతోలిక దేశమని అచట ఒకరు ఆమెతో అనిరి. విషజ్వరము రక్తమునకెక్కి 2012 అక్టోబరు 28న ఆమె మరణించెను. పిండమును బ్రతికించలేదు, తల్లిని బ్రతుకనీయలేదు. ఆమె కతోలికురాలు కాదు. ఆ శాసనమునకు ఆమె వోటు లేదు. 2018 మే 25న ఐరిషు ప్రజలే, అధికసంఖ్యాకులు కతోలికులై యుండియు, ఆ నిషేధమును తమ రాజ్యాంగమునుండి మూడింట రెండువంతుల వోట్లతో తీసివైచిరి. ఐర్లండు విడిచినదానిని హైదరాబాదు తొడుగుకొనవలెనా?

మన శాసనమును మేము పూజింపుచున్నామని ఎవరును అనుకొనవలదు. 2021 సవరణ తరువాత ఇరువది వారములవఱకు ఒక వైద్యుడు, కొన్ని తెగల స్త్రీలకు ఇరువదినాలుగు వారములవఱకు ఇరువురు వైద్యులు అంగీకరింపవలెను. అవివాహితయైన కారణమున ఎవరిని త్రోసిపుచ్చరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. వయసువచ్చిన స్త్రీకి భర్త అనుమతి అక్కఱలేదని మొదటినుండియు శాసనమున గలదు. కాగితముపై గల ఈ దయ పల్లెకు చేరుచున్నదా? 2015వ సంవత్సరమున దేశమున 1 కోటి 56 లక్షల గర్భస్రావములు జరిగినవని లాన్సెట్ వైద్యపత్రికల కుటుంబమున ప్రకటింపబడిన అధ్యయనము లెక్కకట్టినది. అందు నూటికి 73 ఆసుపత్రుల వెలుపల, మందుల కొట్టున కొన్న మాత్రలతో జరిగినవి. శాసనము నిచ్చినది ఆసుపత్రి తలుపు. స్త్రీకి దొరకినది మందుల కొట్టు కిటికీ.

హైందవులమైన మనకును ఈ విషయమున తలయెత్తుకొను యోగ్యత తక్కువ. క్రైస్తవుని కఠినత్వమును విమర్శించు అదే గృహస్థు, స్కానింగు కేంద్రమున కన్నుసైగతో ఆడపిల్లయని తెలిసికొని, కోడలిని వెంటబెట్టుకొని వేఱొక వీధికి పోవుచున్నాడు. 1994లోనే లింగనిర్ధారణ నిషేధశాసనము వచ్చినది. అయినను ఆంధ్రప్రదేశమున ఆఱేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 2001 జనాభా లెక్కలలో 961 మంది యుండగా, 2011లో 939 మందికి దిగజారిరి. ఆ సంవత్సరపు లెక్కలలో క్రైస్తవులు రాష్ట్ర జనాభాలో నూటికి ఒకటిన్నరైనను లేరు. కావున ఈ కొఱత ఎవరి గడపలలో తయారైనదో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇది స్త్రీ కోరిన గర్భవిచ్ఛిత్తి కాదు, స్త్రీజాతి కోయబడుట. ఈ పాపమునకెదురుగా శోకదినమొకటి ఏర్పడినచో మేమును నల్లగుడ్డ కట్టుకొని నడతుము.

క్రైస్తవులకు న్యాయముగా రావలసినది ఒకటి గలదు. ప్రభుత్వ ఆసుపత్రులలో రాత్రిపగలు నిలుచు నర్సులలో క్రైస్తవ యువతులెందఱో గలరు. గర్భవిచ్ఛిత్తి శస్త్రచికిత్సకు చేయి అందించుట తన ఆత్మకు ద్రోహమని అందులో ఒకతె నమ్మినచో, ఆమెను నిర్బంధించుట ఏ స్వరాజ్యధర్మము? బ్రిటిషువారి 1967 శాసనము నాలుగవ సెక్షనున, తల్లి ప్రాణము ప్రమాదమున నున్నప్పుడు తప్ప, అంతఃకరణమునకు విరుద్ధమైనచో పాల్గొననక్కఱలేదని వ్రాసినది. మన 1971 శాసనమున అట్టి స్పష్టమైన సెక్షను లేదు. దొరల శాసనమునుండి జైలును మాత్రము దింపుకొని, వారి దేశమున తరువాత వచ్చిన ఈ ఔదార్యమును విడిచితిమి! ఈ సెక్షనును చేర్చవలసినదని పీఠాధిపతులు కోరినచో మేము వారి ప్రక్కన నిలుతుము. నిరాకరించినవారు రోగిని వేఱొక వైద్యునియొద్దకు వెంటనే పంపవలెనను విధియు, ప్రాణాపాయమున నిరాకరణము చెల్లదను విధియు అందు ఉండవలెను.

ఇక సంఘముల ఇంటిమాట. పెండ్లికాని పిల్ల గర్భవతియని తెలిసిననాడు మన తెలుగు సంఘములలో ఏమి జరుగును? పాస్టరుగారు ఆమెను ప్రభువు బల్లకు దూరము చేయుదురు, పెద్దలు తల్లిదండ్రులను పిలిచి నిలదీయుదురు, ఆమెతో నడచిన కుఱ్ఱవాడు మాత్రము గాయకబృందమున యథాప్రకారము పాడుచుండును. ఆమె మాత్రల కొట్టునకు పోవుటకు కారకులెవ్వరు? మాలమాదిగ పల్లెలనుండి వచ్చిన పేదలే అధికముగాగల సంఘములలో ఆ పిల్ల కూలి పోయినచో పస్తు, బిడ్డ పుట్టినచో వెలి. బిడ్డను కనుమని ఆజ్ఞాపించువారు, కన్నతరువాత ఆ తల్లికి సంఘమున చోటు, బిడ్డకు పాలు, పేరు ఎవరిచ్చెదరో చెప్పవలెను గదా.

2022లో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ పదవి నందిరి. ఆ పదవి నందిన తొలి తెలుగువారు వారే, తొలి దళితులును వారే. తెలుగువారందఱికిని అది గర్వకారణము. పేదరాలి బ్రతుకు ఎట్టిదో వారికి మేము చెప్పనక్కఱలేదు. వారిని మేమొక్కటి అడుగుచున్నాము: 1971 శాసనము తొలగవలెనని మీ శ్రీసభ కోరుచున్నచో, న్యాయసంహిత 88వ సెక్షను క్రింద ఆ స్త్రీని జైలునకు పంపవలెననియు కోరుచున్నదా, లేదా? లేదన్నచో, తల్లిని శిక్షార్హురాలిని చేయు ఆ వివరణమును కొట్టివేయుమని శ్రీసభయే మొదట పార్లమెంటునకు మహజరు పంపవలెను. దాని క్రింద మొదటి సంతకములలో మాదియు నుండును. జవాబు లాటిను విశ్వలేఖలో వలదు. తెలుగున, రాబోవు ఆగస్టు 10వ తేదీకి ముందటి ఆదివారమున, విచారణలన్నింటను చదువబడవలెను.